దొరకని ఫైలు ఎక్కడుంది?



2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. 2015 జూలైలో వచ్చిన విండోస్ అది. పదేళ్ళపాటు ఇళ్ళల్లో, ఆఫీసుల్లో, జిరాక్స్ షాపుల్లో నమ్మకంగా పనిచేసింది. కొందరు ఇంకో ఏడాది పొడిగింపు తీసుకున్నారు, అది 2026 అక్టోబరు 13 వరకు. మిగతావాళ్ళు విండోస్ 11కి మారారు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ మరీ పాతది కాకూడదు. అందుకని చాలామంది విండోస్‌తోపాటు కంప్యూటర్‌నే మార్చేశారు. కోల్‌కతాలో అలాంటివాళ్ళందరి దారి చాందినీ చౌక్ వైపే. మెట్రో దిగి పైకొస్తే చాలు, కంప్యూటర్ సామాన్ల కొట్లు వరసగా కనిపిస్తాయి.

నేను ఈ ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. కొత్త విండోస్‌కి మారినవాళ్ళ దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడే మాట ఒకటుంది. "క్లౌడ్‌లో దాచుకున్న ఫైళ్ళు పోయాయండీ. పేరు కొట్టి వెతికితే ఏమీ రావట్లేదు." ఆ గొంతులో ఉండే కంగారు చిన్నది కాదు. పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు, కాలం చేసిన పెద్దవాళ్ళ ఫొటోలు అన్నీ ఇప్పుడు గూగుల్ డ్రైవ్‌లోనో, వన్‌డ్రైవ్‌లోనో, డ్రాప్‌బాక్స్‌లోనో ఉంటున్నాయి. ఇంట్లో బీరువా తాళంచెవి పోతే పడే బెంగ కంటే ఈ బెంగ తక్కువేమీ కాదు. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందే చెప్పేస్తాను. ఎక్కువసార్లు ఫైలు పోదు. దాన్ని వెతికిపెట్టే ఏర్పాటు మాత్రం చెదిరిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఫైలు నిజంగా లేకపోయినా, ఉండి కనపడకపోయినా కంప్యూటర్ ఇచ్చే జవాబు ఒక్కటే: మీరు అడిగింది దొరకలేదు. ఆ జవాబు చూసి, ఉన్న ఫైలు పోయిందనుకుని, గాభరాలో చేసే పనులవల్లే అసలు నష్టం జరుగుతుంది. క్లౌడ్ ప్రోగ్రామ్‌ని తీసేసి మళ్ళీ వేస్తారు. అప్పటికి ఇంకా క్లౌడ్‌లోకి ఎక్కని మార్పులుంటే అవి పోయే ప్రమాదం ఉంది. ఇంకొందరు, ఇవి తెరుచుకోవట్లేదు, ఎందుకు ఇవన్నీ, అని వరసబెట్టి డిలీట్ కొడతారు. సింక్ అవుతున్న, అంటే క్లౌడ్‌తో జతపడి ఉన్న, ఫోల్డర్లో కొట్టిన డిలీట్ క్లౌడ్‌కి కూడా చేరుతుంది, అక్కణ్ణుంచి ఇంట్లో మిగతా కంప్యూటర్లకీ చేరుతుంది. కాబట్టి ఫైలు దొరకలేదని తెలిసిన మొదటి గంటలో ఏదీ తీసేయకండి, ఏదీ చెరపకండి. అంతకంటే పెద్ద జాగ్రత్త ఇందులో ఇంకోటి లేదు.

సెర్చ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ భయం సగం తగ్గుతుంది. అలీపూర్‌లో నేషనల్ లైబ్రరీ ఉంది కదా. అంతకుముందు ఇంపీరియల్ లైబ్రరీ. స్వాతంత్ర్యం వచ్చాక ఎస్ప్లనేడ్ నుంచి బెల్వెడేర్ భవనానికి మారింది. 1953 ఫిబ్రవరి 1న మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ దాన్ని ప్రజలకు తెరిచారు. తెలుగు పుస్తకాలకీ అక్కడ విభాగం ఉంది. అంత పెద్ద లైబ్రరీలో పాఠకుడు అరల మధ్య తిరిగి పుస్తకం వెతుక్కోడు. కేటలాగులో పేరు చూసుకుని స్లిప్పు రాసిస్తాడు, లోపల్నుంచి పుస్తకం వస్తుంది. కేటలాగుకి ఎక్కని పుస్తకం ఆ భవనంలోనే ఉన్నా చేతికి రాదు. విండోస్ సెర్చ్‌దీ అదే పద్ధతి. మనం మాట టైపు చేశాక అది సాధారణంగా డిస్కంతా గాలించదు. తీరిక ఉన్నప్పుడల్లా ఫైళ్ళు చదివి, ఏ మాట ఏ ఫైల్లో ఉందో ముందుగానే రాసిపెట్టుకుంటుంది. ఆ చిట్టానే ఇండెక్స్ అంటారు. మనం వెతికినప్పుడు అది ముఖ్యంగా చూసేది ఆ చిట్టానే.

సిస్టమ్ అప్‌గ్రేడ్ అయినప్పుడు ఆ చిట్టాని మళ్ళీ మొదటినుంచి రాసుకోవలసి రావచ్చు. కంప్యూటరే కొత్తదైతే ఇక చెప్పక్కర్లేదు, అక్కడ చిట్టా అనేదే ఉండదు. ఈ పని వెనకాల నడుస్తుంది. మనం గబగబా టైపు చేస్తూ ఉంటే నెమ్మదిస్తుంది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంటే ఇంకా వెనకబడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఫైళ్ళు వేలల్లో ఉంటే పూర్తికావడానికి గంటలు పడుతుంది, ఒకటి రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే కొత్త విండోస్ వేసిన సాయంత్రమే సెర్చ్ పనిచేయట్లేదని తేల్చేయొద్దంటాను. రాత్రి చార్జర్ పెట్టి, నిద్రలోకి జారుకోకుండా సెట్ చేసి, కంప్యూటర్‌ని దాని మానాన వదిలేయండి. పొద్దున చూస్తే కొంత సమస్య దానంతటదే తీరిపోయి ఉంటుంది.

సెర్చ్ గురించి ఇంతవరకూ చెప్పినదాంట్లో క్లౌడ్ ఊసెత్తలేదు. అది వచ్చి చేరాక సంగతి చిక్కుపడుతుంది.

అదెలాగో చెప్పడానికి కాస్త వెనక్కి వెళ్దాం. మన దేశంలో కంప్యూటర్ల కథ మొదలైన ఊళ్ళలో కోల్‌కతాది మొదటి పేరు. బరానగర్‌లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. దాన్ని గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1931లో స్థాపించారు.  దేశంలోకి వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటర్, హెచ్ఈసీ 2ఎం, 1950ల నడుమ ఆ సంస్థకే వచ్చింది. అప్పట్లో సమాచారమంతా చిల్లులు పొడిచిన కార్డుల మీద ఉండేది. కార్డు ఉందో లేదో చేత్తో పట్టుకుని చూసుకునేవారు. ఇవాళ మనకి ఆ సౌకర్యం లేదు. ఫైలు పేరు మన కంప్యూటర్లో కనిపిస్తుంది, ఫైలు మాత్రం ఇంకెక్కడో ఉంటుంది.

ఈ ఏర్పాటు వన్‌డ్రైవ్‌లోకి 2017లో వచ్చింది. డిస్కులో చోటు మిగల్చడానికి ఫైళ్ళను క్లౌడ్‌లోనే ఉంచి, ఇక్కడ పేర్లు మాత్రం చూపిస్తుంది. ఫైలు మీద రెండుసార్లు నొక్కినప్పుడు అసలు సరుకు దిగుతుంది. గూగుల్ డ్రైవ్ కూడా కంప్యూటర్లో విడిగా ఒక డ్రైవ్‌లా, సాధారణంగా జి అనే అక్షరంతో కనిపిస్తూ, ఇదే పద్ధతిలో ఫైళ్ళను అవసరమైనప్పుడు దించుతుంది. పద్ధతి మంచిదే. కానీ ఇండెక్స్ రాసేది ఇక్కడున్న ఫైళ్ళను చదివి. ఇక్కడ లేని ఫైల్లో ఏముందో దానికి ఎలా తెలుస్తుంది? వన్‌డ్రైవ్ ఫైలు క్లౌడ్‌లో మాత్రమే ఉంటే విండోస్ సెర్చ్ దాని పేరుని పట్టుకోగలదు, లోపలి మాటల్ని పట్టుకోలేదు. మైక్రోసాఫ్టే ఈ సంగతి తన సహాయ పేజీల్లో రాసింది.

పాత కంప్యూటర్లో ఏళ్ళ తరబడి మనం తెరిచిన ఫైళ్ళన్నీ ఎప్పుడో ఒకప్పుడు డిస్కులోకి దిగిపోయి ఉంటాయి. అందుకే లోపలి మాట కొట్టినా దొరికేవి. కొత్త కంప్యూటర్లో లాగిన్ అవగానే పేర్లన్నీ వరసగా ప్రత్యక్షమవుతాయి, ఒక్క ఫైలూ దిగి ఉండదు. చూడ్డానికి రెండు కంప్యూటర్లూ ఒకేలా ఉంటాయి. వెతికితే మాత్రం తేడా బయటపడుతుంది.

ఇలాగే జరిగిన ఒక ఇంటి సంగతి చెబుతాను. గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే మొదలయ్యేదాకా వాల్తేరు డివిజన్ ఈ రైల్వే కిందే ఉండేది. అందుకే విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికొచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయిన మనవాళ్ళున్నారు. అలాంటి పెద్దాయన ఒకరు నవంబరులో కబురు పెట్టారు. నవంబరంటే పింఛను తీసుకునేవాళ్ళు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. దానికి పీపీవో నంబరు, అంటే పింఛను ఉత్తర్వు నంబరు, కావాలి.

"అన్నీ పోయాయి బాబూ. పాతదాంట్లో పీపీవో అని కొడితే చాలు, వచ్చేసేది. ఈ కొత్త డబ్బాలో ఎన్నిసార్లు కొట్టినా లేదంటోంది," అన్నారాయన.

"ఆ నంబరు ఏ ఫైల్లో రాసుకున్నారు మావయ్యగారూ?"

"అదే తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? కొడితే వచ్చేది, చూసుకునేవాణ్ణి. పేరెవడు గుర్తుపెట్టుకున్నాడు!"

ఆయన అన్నది అక్షరాలా నిజం. సెర్చ్ బాగా పనిచేసిన ఇళ్ళల్లో ఫైళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఫోల్డర్ తెరిచి ఒక్కో పేరూ చదువుకుంటూ కిందికి వెళ్ళాం. ప్రతి పేరు పక్కనా నీలం గీతతో చిన్న మబ్బు బొమ్మ. అత్తయ్యగారు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, తెర మీద వేలు ఆనించి, "ఈ మబ్బు గుర్తేమిటి నాయనా, పాతదాంట్లో పచ్చగా టిక్కు ఉండేది," అన్నారు. అసలు సంగతి ఆవిడ కనిపెట్టేశారు. పచ్చ టిక్కు ఉంటే ఫైలు ఈ కంప్యూటర్లో ఉన్నట్టు. మబ్బు ఉంటే ఇక్కడ పేరే ఉంది, ఫైలు ఇంకా దిగలేదని అర్థం. అలా చూసుకుంటూ పోతే "ముఖ్యం" అనే వర్డ్ ఫైలు కనిపించింది. తెరిస్తే ఒక్క క్షణం ఆగి దిగింది. పీపీవో నంబరు, బ్యాంకు ఖాతా, మెడికల్ కార్డు నంబరు, గ్యాస్ కనెక్షన్ నంబరు అన్నీ అందులోనే ఉన్నాయి. తర్వాత ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచు అనే అర్థం వచ్చే వరస, ఇంగ్లీషులో 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్' అని ఉంటుంది, అది నొక్కాను. మబ్బులన్నీ పోయి నిండు పచ్చ రంగు గుండ్రాలు వచ్చాయి. మర్నాటికి ఆయన పీపీవో అని కొడితే ఫైలు వచ్చింది.

ఇక ఎవరికి వారు చూసుకునే పద్ధతి చెబుతాను. వీలైతే కాగితం కలం దగ్గర పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు బ్రౌజర్ తెరిచి, ఆ క్లౌడ్ వెబ్‌సైట్లోకి లాగిన్ అయి అక్కడ వెతకండి. అక్కడి సెర్చ్ మీ కంప్యూటర్లోని ఇండెక్స్ మీద ఆధారపడదు. ఫైలు అక్కడ దొరికితే ఇక బెంగ లేదు, మిగిలినదంతా మీ కంప్యూటర్ గొడవ. అక్కడా దొరక్కపోతే ఏ ఖాతాతో లాగిన్ అయ్యారో చూసుకోండి. కొత్త విండోస్ వేసేటప్పుడు ఇంట్లో కుర్రాడు తన ఈమెయిల్‌తో లాగిన్ అయి వెళ్ళిపోవడం, పెద్దవాళ్ళ ఫైళ్ళు వేరే ఖాతాలో ఉండిపోవడం మామూలే. ఫోన్లో అదే క్లౌడ్ యాప్ ఉంటే అందులో ఏ ఈమెయిల్ ఉందో సరిపోల్చండి.

ఖాతా సరైనదే, ఫైలు కనపడట్లేదు. అప్పుడు గడియారం పక్కనుండే క్లౌడ్ గుర్తు నొక్కి సింక్ నడుస్తోందో, ఆగిందో చూడండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, ఫొటోలు కూడా ఇమడాలి. వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఆ చోటు నిండిపోతే కొత్త ఫైళ్ళు పైకి ఎక్కవు. పాత కంప్యూటర్ ఇంకా అమ్మేయకపోతే ఆ ఫైలు దాంట్లోనే ఉండిపోయిందేమో చూసుకోండి.

ఇంకో మెలిక ఉంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ చేసే ఏర్పాటు విండోస్ 11లో ఉంది. సెటప్ చేస్తూ చేస్తూ అది ఆన్ అయిపోతే మీకు రెండు డాక్యుమెంట్స్ ఫోల్డర్లు తయారవుతాయి, ఒకటి వన్‌డ్రైవ్ లోపల, ఇంకోటి సి డ్రైవ్‌లో యూజర్స్ కింద మీ పేరుతో. ఒకదాంట్లో వెతికి లేదని ఊరుకుంటే రెండోదాంట్లో అలాగే ఉంటుంది. రెండూ చూడండి.

ఫైలు ఉంది, సెర్చ్‌కే అందట్లేదు అని తేలాక ఇండెక్స్ సంగతి చూడాలి. సెటింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిస్తే అందులో సెర్చ్‌కి సంబంధించిన పేజీ ఉంటుంది. అక్కడ క్లాసిక్, ఎన్‌హాన్స్‌డ్ అని రెండు రకాలు. క్లాసిక్ అంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, డెస్క్‌టాప్ ఫోల్డర్లకే పరిమితం. మీ ఫైళ్ళు వేరే ఫోల్డర్లో ఉంటే దాన్ని విడిగా కలపాలి, లేదా ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకోవాలి. అదే పేజీలో అడ్వాన్స్‌డ్ ఇండెక్సింగ్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ రీబిల్డ్ అనే బటన్. అది నొక్కితే పాత చిట్టా చెరిపేసి కొత్తది రాస్తుంది. మీ ఫైళ్ళ జోలికి రాదు, ధైర్యంగా నొక్కొచ్చు. కాకపోతే అది ముగిసేదాకా సెర్చ్ ఇంకా అధ్వానంగా ఉంటుంది, ఓపిక పట్టాలి.

గూగుల్ డ్రైవ్ వాడేవాళ్ళకి దారి వేరు. ఆ జి డ్రైవ్‌లో ఉన్నవి మామూలుగా విండోస్ ఇండెక్స్‌లోకి చేరవు. రీబిల్డ్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. దాని సొంత సెర్చ్ దానికుంది. ఆ ప్రోగ్రామ్ నడుస్తుండగా కంట్రోల్, ఆల్ట్, జి మూడూ కలిపి నొక్కితే వెతుకుడు పెట్టె వస్తుంది. ఇంకో సంగతి, గూగుల్ డాక్స్‌లో టైపు చేసినవి మీ కంప్యూటర్లో ఫైల్లా కనిపిస్తాయి కానీ నిజానికి అవి వెబ్‌లోని పత్రానికి దారి చూపే చిన్న లింకులు. లోపల మీరు రాసిన ఒక్క మాట కూడా ఉండదు. వాటిని బ్రౌజర్లోనే వెతకాలి.

మ్యాక్ వాడేవాళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. 2022 నుంచి క్లౌడ్ కంపెనీలు ఆపిల్ సొంత పద్ధతిలోకి మారడంతో ఆ ఫైళ్ళన్నీ లైబ్రరీ ఫోల్డర్లో క్లౌడ్‌స్టోరేజ్ అనే చోటికి వెళ్ళాయి. దిగని ఫైళ్ళ లోపలి మాటలు స్పాట్‌లైట్‌కి, అంటే మ్యాక్ సెర్చ్‌కి, తెలియకపోవడం అక్కడా ఉంది. స్పాట్‌లైట్ సెటింగ్స్‌లో సెర్చ్ ప్రైవసీ జాబితాలోకి డిస్కుని చేర్చి, వెంటనే తీసేస్తే ఇండెక్స్ కొత్తగా కడుతుంది.

గడువులున్న విషయాలు రెండున్నాయి, వీటిని వాయిదా వేయకండి. అదే కంప్యూటర్లో అప్‌గ్రేడ్ చేసినవాళ్ళకి సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది. పాత యూజర్ ఫోల్డర్లో ఏదైనా మిగిలిపోతే అక్కడ దొరికే అవకాశం ఉంది. మామూలుగా 10 రోజులకి అది దానంతటదే చెరిగిపోతుంది. అలాగే గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లోనూ, సొంత వన్‌డ్రైవ్ ఖాతా రీసైకిల్ బిన్‌లోనూ డిలీట్ చేసినవి 30 రోజులే ఉంటాయి. పొరపాటున ఏదైనా చెరిపామేమో అని అనుమానం వస్తే ఆ పూటే వెళ్ళి చూడండి.

ఇన్ని చేసినా మన తెలుగు ఫైళ్ళ దగ్గర ఇంకా చిక్కులు మిగులుతాయి. ఇంగ్లీషు వాళ్ళకి చాలావరకు లేనివి ఇవి, అందుకే నాకు ఇందులో ఎక్కువ పట్టింపు.

మనం మాటలు కలిపి రాస్తాం. ఆహ్వానపత్రిక అని ఫైలుకి పేరు పెట్టి, పత్రిక అని వెతికితే విండోస్ ఇండెక్స్ పట్టుకోకపోవచ్చు, ఎందుకంటే అది మాట మొదటినుంచి పోల్చి చూస్తుంది. అందుకని పేరులో మాటల మధ్య ఖాళీ వదలండి. ఉగాది సంచిక 2019, ఆస్తి పన్ను రసీదు 2024, ఇలా. పొల్లు అక్షరాలతో ఇంకో తంటా. ఒక కీబోర్డులో రాజ్‌కుమార్ అని పొల్లుతో పడుతుంది, ఇంకో కీబోర్డులో అదే పేరు జకారం కింద కకారం వత్తుగా పడుతుంది. మొదటిదాంట్లో మధ్యన కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటుంది. చదివేవాళ్ళకి రెండూ ఒకటే మనిషి పేరు, కంప్యూటర్‌కి వేర్వేరు. పూర్తి పేరు దొరక్కపోతే మొదటి ఒకటి రెండక్షరాలు మాత్రం కొట్టి చూడండి.

వీటన్నిటికీ మించిన చిక్కు 'అను' అనే పాత తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్ళది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో యూనికోడ్ పద్ధతిలో, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షర సంకేతాలతో, గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది. కానీ మన ముద్రణ పనులు ఆ తర్వాత కూడా చాలాకాలం పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్‌లో, అను ఫాంట్లతోనే సాగాయి. కోల్‌కతాలో మనవాళ్ళ ఉగాది సంచికలు, సభల ఆహ్వానాలు, నాటకాల కరపత్రాలు అలా తయారైనవి ఎన్నో ఉన్నాయి. ఆ ఫైళ్ళలో తెర మీద తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలు. తెలుగులో ఏ మాట కొట్టినా ఏ సెర్చ్‌కీ అవి దొరకవు. కొత్త కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే తెరిచినా పిచ్చి గీతలే కనిపిస్తాయి. స్కాన్ చేసిన కాగితాల పరిస్థితీ దాదాపు ఇంతే. పేరు "స్కాన్ 0047" అని ఉంటే అది పెళ్ళి శుభలేఖో, ఇంటి పట్టానో తెరిస్తే తప్ప తెలియదు.

వీటికి మందు ఉంది, కాకపోతే చేతిపని. అను ఫాంటు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. పాఠాన్ని మార్చి వర్డ్ ఫైల్లో పెట్టుకోవచ్చు. స్కాన్ కాగితాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, దానిమీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అందులోని తెలుగు అక్షరాలను చదివి పాఠంగా ఇస్తుంది. తప్పులుంటాయి, పక్కన కాగితం పెట్టుకుని దిద్దాలి. పాత అచ్చు అయితే ఒత్తుల దగ్గర ఎక్కువ తప్పుతుంది. అంత ఓపిక లేనివాళ్ళు పేరైనా మార్చండి. వచ్చే ఆదివారం ఇంట్లో పిల్లల్ని పక్కన కూచోబెట్టుకుని, "స్కాన్" అనే మాటతో మొదలయ్యే ఫైళ్ళన్నీ తెరిచి, అందులో ఏముందో, ఏ ఏడాదిదో తెలుగులో పేరు పెట్టించండి. ముందుగా పింఛను కాగితాలు, ఇంటి దస్తావేజులు, చదువుల సర్టిఫికెట్లతో మొదలుపెట్టండి. ఫైలు దిగకపోయినా పేరు మాత్రం సెర్చ్‌కి అందుతుంది.